నాలుగో వేలు

పారిస్, 1837 జనవరి 9

ఆర్సెన్ వోక్లాన్ ఊళ్ళోకి దిగాడు. పొద్దున్నించి ఈ మాట నాకు నలుగురు చెప్పారు, నలుగురూ నా మొహంలోకి చూస్తూ చెప్పారు. వియన్నాలో జనం వాడి బండికి కట్టిన గుర్రాల్ని విప్పేసి తామే లాక్కెళ్ళారట. లాగనీ. లేసు అల్లుకు బతికే తల్లి చెయ్యి పట్టుకుని లీల్ నుంచి వాడు నా గుమ్మం ఎక్కిన రోజున పియానో మీద బొటనవేలు ఎక్కడ పెట్టాలో కూడా తెలీదు. పాటని రెండు బొటనవేళ్ళతో నడిపిస్తూ మిగతా వేళ్ళతో చుట్టూ జలపాతాలు దూకించడం నేను నేర్పిన విద్య. వినేవాళ్ళకి మూడు చేతులున్నట్టు తోస్తుంది. ఆ విద్యతోనే ఇప్పుడు దేశాలు గెలుస్తున్నాడు. వాడి మూడో చెయ్యి నాది.

సాయంత్రం కౌంటెస్ దె వెర్నాక్ పిలిపించింది. మార్చిలో ఆవిడ మేడలో అనాథ పిల్లల సహాయార్థం సభ. పాటగాళ్ళు లేరు, వాద్యబృందం లేదు. ఒక్క పియానో, ఇద్దరు మనుషులం. నేనూ, ఆర్సెనూ.

“గురువూ శిష్యుడూ! ఊరంతా నా మెట్ల మీదే పడుంటుంది, చూస్తూండండి,” అంది. పోటీ అనే మాట మాత్రం నోటంట రానివ్వలేదు. “మీరు మీ ‘తుఫాను’ వాయించాలి మరి. అది లేకుండా మిమ్మల్ని కిందికి దిగనివ్వం.”

వెంటనే ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే నోయెమి గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. భర్త పోయిన దగ్గర్నించీ నా చెల్లెలు నా దగ్గరే ఉంటోంది. నా ఇల్లూ, నా కోపాలూ రెండూ తనే మోస్తోంది.

“ఎందుకు ఒప్పుకున్నావక్కా?”

“ఎందుకు ఒప్పుకోకూడదు?”

“చలికాలం కదా. నీ చెయ్యి...”

“నా చేతికేం?”

సూప్ వైపు తిరిగిపోయింది.

నా చేతికేమీ లేదు. చలికి కాస్త మొద్దుబారుతోంది.

జనవరి 10

చెయ్యి బాగుంది.

జనవరి 13

చెయ్యి బాగుంది. నోయెమికి అడక్కుండానే చెప్పాను.

జనవరి 17

ఆర్సెన్ వచ్చాడు. పొడుగు జుట్టు, పసుపు చేతితొడుగులు, వంటింటి దాకా వచ్చే అత్తరు వాసన. నోయెమి వాణ్ణి కావలించుకుని, “చిక్కిపోయావురా. వియన్నావాళ్ళు చప్పట్లే పెట్టారా, తిండి కూడా పెట్టారా?” అంది. వాడు చిన్నప్పట్లాగే వంటింట్లోకి పోయి రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకున్నాడు.

తర్వాత నా ఎదురుగా కూచుని చేతితొడుగులు తీసి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ తీశాడు.

“మేడమ్, రెండోవాళ్ళు ఎవరో కౌంటెస్ నాకు చెప్పలేదు. మీరని తెలిస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు. నేను తప్పుకుంటాను.”

“ఎందుకు? నా చేతిలో ఓడిపోతానని భయమా?”

“మీతో నాకు పోటీ ఏమిటి మేడమ్!”

“పోటీ అని ఎవరన్నారు? అది నీ నోట్లోంచే వచ్చింది.” వాడు తల దించుకున్నాడు. “తప్పుకున్నావంటే నేను ముసలిదాన్నయ్యానని నువ్వే ఊరంతా టముకు వేసినట్టు. అర్థమైందా?”

“మీరు ముసలివారా? అలా అన్నవాడి పళ్ళు రాలగొడతాను.”

“ముందు నీ ఎడమచెయ్యి చూసుకో. తాళం పరిగెడుతోందని రాశారు పేపర్లో.”

నవ్వాడు. వెళ్తూ నా చేతిని ముద్దు పెట్టుకోవడానికి వంగాడు. ఎడమచెయ్యి ఇచ్చాను.

జనవరి 26

డాక్టర్ మొరాన్ దగ్గరికి వెళ్ళాను. నోయెమితో చేతితొడుగులు కొనడానికి వెళ్తున్నానన్నాను.

సూదితో పొడిచాడు. ఉంగరం వేలికి, మా లెక్కలో నాలుగో వేలికి, సూది ఎక్కడ దిగిందో చూస్తేగాని తెలియలేదు. నరం అలసిపోయిందట. కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదట.

“వాయించడం ఆపెయ్యండి,” అన్నాడు.

“ఊపిరి కూడా ఆపమంటారా?”

వేడినీళ్ళలో సారాయి కలిపి చెయ్యి ముంచమన్నాడు. సారాయిలో మునిగితే తిరిగొచ్చే వేలైతే మా నాన్నవి పదీ చివరిదాకా పనిచేసేవి.

ఫిబ్రవరి 3

‘తుఫాను’ మొదట్నించీ వాయించాను. రెండు చేతులూ ఒకేసారి పైకెక్కే చోట నాలుగో వేలు పడలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. పడలేదు. మళ్ళీ.

వంటింట్లోంచి నోయెమి అరిచింది. “పియానో మెట్టేమైనా విరిగిందా అక్కా?”

“అవును, విరిగింది. బాగుచేసేవాణ్ణి పిలిపించు.”

ఫిబ్రవరి 4

బాగుచేసేవాడు వచ్చి పియానో అంతా విప్పి చూశాడు. “మెట్లన్నీ నిక్షేపంలా ఉన్నాయమ్మా,” అన్నాడు. నిన్నటిదాకా విరిగే ఉందన్నాను. నోయెమి వాడికి కాఫీ ఇచ్చి పంపింది.

ఫిబ్రవరి 8

ఈస్టరు ఉపవాసాలు మొదలయ్యాయి. చర్చిలో నుదుటి మీద బూడిద పెడుతూ మట్టిలో కలిసిపోతావని గుర్తుచేశారు. ఈ ఏడాది ఆ గుర్తుచేయడం నాకు అక్కర్లేదు.

నిర్ణయించుకున్నాను. ‘తుఫాను’ వాయించను.

చెయ్యి వల్ల కాదు. ఇరవయ్యేళ్ళు ఉరుములూ మెరుపులూ చూపించాను, ఇక చాలు. ఇప్పుడు ప్రతి సందులోనూ ఒకడు ఉరుముతున్నాడు. నాటకశాలలో పేరుకెక్కిన పాట ఒకటి పట్టుకుని దాని చుట్టూ బాణసంచా కాల్చి, దానికి ఫాంటసీ అని పేరుపెట్టి, చివర పియానో తీగ తెగిందంటే ఆడవాళ్ళు మూర్ఛపోతారు. ఆ తీగ ముక్కని ఉంగరంలో పొదిగించుకుంటారు. ఇది సంగీతమా, యుద్ధమా?

నాకు వేరే పియానో తెలుసు. పాత పియానోలు మాట్లాడేవి, ఇప్పటివి పాడతాయి. శబ్దాన్ని నిలబెట్టే కాలి పెడల్ నొక్కి ఒక్క స్వరాన్ని వదిలితే అది గాలిలో ఎలా వెలిసిపోతుందో ఎవరూ వినడం లేదు, చప్పట్ల తొందరలో ఉన్నారు. ఒక చిన్న ముక్క రాస్తాను. సూప్ చల్లారేలోపు అయిపోవాలి. కథ ఉండకూడదు, తుఫాను ఉండకూడదు, పేరు కూడా ఉండకూడదు. ఒక మనిషి తలుపేసుకుని తనతో తాను అనుకునే మాటలా ఉండాలి.

ఇది చాలాకాలంగా నా మనసులో ఉన్నదే.

ఫిబ్రవరి 15

రాస్తున్నాను. ఎడమచేతికి పెద్ద పెద్ద అంగలు, మంద్రంలోంచి లేచి వచ్చి మళ్ళీ దిగిపోయే అలలు. దాని మీద కుడిచెయ్యి ఒంటరిగా పాడుతుంది. ఎడమచెయ్యి బండి లాగే గుర్రం, కుడిచెయ్యి బండిలో కూచుని కిటికీలోంచి చూసే మనిషి. మనిషి ఒకచోట తల తిప్పి అలాగే చూస్తూ ఉండిపోవచ్చు. గుర్రం మాత్రం ఆగదు.

మధ్యలో పాట మెల్లగా పైకెక్కి ఒక స్వరాన్ని చేరుకుంటుంది. మొత్తం ముక్కంతా ఆ ఒక్క స్వరం కోసమే. దాన్ని నాలుగో వేలితోనే తాకాలి. చిటికెనవేలితో తాకి చూశాను, గాజు పగిలినట్టుంది. మూడో వేలితో చూశాను, తలుపు తట్టినట్టుంది. నాలుగోదే. ఆ వేలు పుట్టుకతోనే బలహీనం, అందుకే దానికి అరవడం రాదు. ఆ స్వరానికి కావలసింది అదే.

ఫిబ్రవరి 18

ఈరోజు పడింది.

ఫిబ్రవరి 19

పడలేదు.

ఫిబ్రవరి 20

పడింది. రెండుసార్లు.

ఫిబ్రవరి 23

వాయిస్తూ వాయిస్తూ తలెత్తితే నోయెమి గుమ్మంలో నిలబడి ఉంది. వంటింట్లోంచి ఉల్లిపాయలు మాడిన వాసన.

“ఇది ఎవరిది అక్కా?”

“నాది.”

“నీదా?” అంది. “నీది కానట్టుంది. అంటే... నువ్వు ఎప్పుడూ ఇలా మాట్లాడవు కదా,” అంది.

ఉల్లిపాయలు పూర్తిగా మాడిపోయాయి. రొట్టే, జున్నూ తిన్నాం. చాలా గర్వంగా తిన్నాను.

మార్చి 2

ఊరంతా ఫ్లూ జ్వరం. వీధి అవతల నాటకశాల కూడా మూసేశారు. నోయెమి ఈ ఉదయం బట్టలు మడతపెడుతూ మెల్లగా మొదలుపెట్టింది.

“అందరికీ జ్వరాలే. నీకూ జ్వరమని కబురు పంపుదాం. ఎవరూ తప్పుపట్టరు.”

“నాకు జ్వరం లేదు.”

“నాకు తెలుసు నీకేముందో.”

“ఏం తెలుసు?”

“శరదృతువు నుంచీ తెలుసు.” మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్ళీ మడతపెట్టింది. “కత్తి పట్టుకోలేకపోతున్నావు. చూసేవాళ్ళకి కళ్ళుండవా?”

అప్పుడు గుర్తొచ్చింది. ఈ చలికాలమంతా నా పళ్ళెంలోకి మాంసం ముక్కలుగా కోసే వస్తోంది. వంటింట్లోనే కోసి తెస్తోంది. నాకు వింతగా అనిపించలేదు, ఏదో నాజూకు వంట నేర్చుకుందనుకున్నాను.

“మరి ఎందుకు చెప్పలేదు?”

“చెబితే ఒప్పుకుంటావా నువ్వు? నువ్వు పియానోనే విరిగిందన్నావు.”

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ తను ఏడ్చింది. నేను ఏడవలేదు.

“వాయించకక్కా. వాడు కుర్రాడు, ఎలుగుబంటిలా మీదపడతాడు. నీ పేరు పోతుంది.”

“పదిహేనేళ్ళ కిందట పాటగత్తె లేకుండా, ఫ్లూటువాడు లేకుండా, కాగితం ఎదురుగా పెట్టుకోకుండా ఒక్కదాన్నే కూచుని సభంతా వాయిస్తానంటే ఏమన్నారు? హొర్తాన్స్ బెల్వాల్‌కి ఎంత పొగరో అన్నారు. ఆ పొగరుతోనే ఇల్లు నడిచింది, పేరూ వచ్చింది. అది పోయే రోజు నేను పియానో ముందే ఉండాలి. మంచంలో దుప్పటి కప్పుకుని కాదు.”

“సరే,” అంది. “అయితే నీలం గౌను ఇస్త్రీ చేస్తాను.”

మార్చి 5, ఆదివారం

వాయించాను.

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

మేడంతా కిక్కిరిసి ఉంది. కొవ్వొత్తుల వేడికి అద్దాలు చెమటలు పట్టాయి. ఆడవాళ్ళు పియానోకి ఎంత దగ్గరగా కూచున్నారంటే వాళ్ళ గౌన్ల అంచులు పెడల్ దాకా వచ్చాయి. మొదట ఎవరు అని కౌంటెస్ అడిగితే ఆర్సెన్, “మేడమ్ తర్వాతే నేను” అని పియానో పక్కన నిలబడ్డాడు, నా కుడి వైపున. దూరంగా నిలబడి ఉంటే బాగుండేది.

నేను కూచోగానే వెనక్కి జరిగే కుర్చీల చప్పుడు వినిపించింది. ‘తుఫాను’ కోసం చోటు చేస్తున్నారు.

చాలా మెల్లగా మొదలుపెట్టాను. ఇదేదో ముందుమాట, తర్వాత ఉరుములు వస్తాయనుకున్నట్టున్నారు, కాసేపు గుసగుసలాడారు. తర్వాత గుసగుసలు ఆగిపోయాయి. అలలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. నా చేతిలో పియానో ఇంత చిన్న గొంతుతో ఎప్పుడూ పాడలేదు, ఇంత దూరమూ వెళ్ళలేదు. ఆఖరి వరసలో దగ్గబోయినవాడు దగ్గు మింగడం నాకు వినిపించింది. అరిచి గెలవడం నాకు తెలుసు. నెమ్మదిగా చెప్పి ఒక గదిని గుప్పిట్లో పెట్టుకోవచ్చని ఈ రాత్రే తెలిసింది.

పాట పైకెక్కింది. ఆ స్వరం దగ్గరికొచ్చాను. నాలుగో వేలు పడలేదు.

చిటికెనవేలు వాడొచ్చు. గాజు పగులుతుంది. వాడలేదు. ఎడమచెయ్యి కూడా ఆగిపోయింది, దాన్ని నేను ఆపలేదు. పెడల్ మీద నా కాలు అలాగే ఉంది. మిగిలిన శబ్దం గదంతా తిరిగి వెలిసిపోతూ ఉంది. ఎవరూ కదల్లేదు. నేను నా వేలిని చూశాను, అది వేరే ఎవరిదో వేలిలా అక్కడ ఉంది.

అప్పుడు ఎడమచెయ్యిని కుడిచేతి మీదుగా దాటించి ఆ స్వరాన్ని తాకాను.

మిగతాది ఎలా పూర్తిచేశానో గుర్తులేదు. చివర చప్పట్లు రాలేదు. అయిపోయాననుకున్నాను. తర్వాత వచ్చాయి, చాలాసేపు. ముందు వరసలో ఒక ముసలి మార్కీ దొర కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

ఆర్సెన్ వచ్చి పియానో ముందు కూచున్నాడు. మొహం పాలిపోయి ఉంది. నేను పక్కకి తప్పుకుంటుంటే గుసగుసగా, “మేడమ్, నేను ఏదో ఒక చిన్నది వాయిస్తాను. ఫాంటసీ వద్దు,” అన్నాడు.

అందరి ఎదుట చిరునవ్వు నవ్వుతూనే వాడి చెవిలో అన్నాను: “జాలిపడి వాయించావంటే మళ్ళీ నా గుమ్మం తొక్కకు. నేను నేర్పిందంతా చూపించు. ఒక్క స్వరం కూడా దాచుకోవద్దు.”

చూపించాడు. అబ్బ! మేడ కిటికీలు వణికాయి. ఆ బొటనవేళ్ళు! పాట మధ్యలో ఒక్క తొట్రుపాటు లేకుండా నడుస్తుంటే, పైనా కిందా జలపాతాలు. ఆడవాళ్ళు కుర్చీల మీదికెక్కారు. ఎడమచెయ్యి కూడా పరిగెత్తలేదు. పక్కనున్నావిడ నా మోచెయ్యి పట్టుకుని, “మీ శిష్యుడే కదా?” అంది. “నా శిష్యుడే,” అన్నాను. అంత గట్టిగా అనక్కర్లేదేమో.

ఎవరు గెలిచారో చెప్పమని అందరూ కౌంటెస్ చుట్టూ మూగారు. ఆవిడ తెలివిగలది, నవ్వి ఊరుకుంది. ముసలి మార్కీ మాత్రం, “అబ్బాయి వాయిస్తే లేచి నిలబడాలనిపించింది. ఆవిడ వాయిస్తే ఇంటికెళ్ళి తలుపేసుకోవాలనిపించింది,” అన్నాడు. అది పొగడ్తో కాదో ఇంకా ఆలోచిస్తున్నాను.

మార్చి 8

ఊళ్ళో అందరూ ఆ నిశ్శబ్దం గురించే మాట్లాడుకుంటున్నారట. పేపర్లో కూడా రాశారు. స్వరాల కంటే గొప్ప మౌనమట, మన కాలపు ఆత్మంతా అందులో ఉందట. నోయెమి పైకి చదివి వినిపించి, పేపరు అంచు మీదుగా నన్ను చూసింది.

“అక్కడ ఆగాలని ముందే అనుకున్నాను,” అన్నాను.

“అవునక్కా,” అంది.

మార్చి 10

నిజంగానే ముందే అనుకున్నాను. పాట అంత ఎత్తుకెక్కాక ఊపిరి తీసుకోవాలి కదా.

మార్చి 14

డాక్టర్ మొరాన్ ఈసారి సూది తియ్యలేదు. నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూచున్నాడు.

మార్చి 15

పియానో మూత వేశాను.

మార్చి 16

నోయెమి మూత తీసి దుమ్ము తుడిచింది. మళ్ళీ వెయ్యలేదు.

మార్చి 21

ఆర్సెన్ వచ్చాడు. అత్తరు లేదు.

“లండన్ వెళ్తున్నాను మేడమ్. వెళ్ళేముందు ఆ ముక్క నాకు నేర్పండి.”

“ఏ ముక్క?”

“ఏ ముక్కో మీకు తెలుసు.”

“నీ దగ్గర జనంచేత గుర్రాలు విప్పించే ముక్కలున్నాయిగా. దీనికి ఒక్క గుర్రం కూడా విప్పరు.”

“అందుకే కావాలి,” అన్నాడు. “ఆ రాత్రి నేను వాయించాక ఎంతమంది ఎగబడ్డారో చూశారు. ఇంటికెళ్ళి పడుకుంటే నాకు నా ఫాంటసీలో ఒక్క స్వరమూ గుర్తురాలేదు, మీ ముక్కే తలలో తిరుగుతోంది. రెండు వారాలుగా చెవిలో ఉన్నది వాయించి చూస్తున్నాను. రావడం లేదు.”

నోయెమి కుట్టుపని తెచ్చుకుని కిటికీ దగ్గర కూచుంది. ఇదంతా వినాలని వచ్చింది, తెలుస్తూనే ఉంది.

రాసిన కాగితం ఇచ్చాను. కుడివైపు కుర్చీ వేసుకుని కూచున్నాను. వాడికి పన్నెండేళ్ళప్పుడు కూచోబెట్టినట్టే కూచోబెట్టి, “భుజాలు దించు. నువ్వు సింహంతో పోట్లాడటం లేదు,” అన్నాను. ఎడమచేతి అలల్ని మొదట ఒంటరిగా వాయించమన్నాను. నేను పాడాను. నా గొంతు బొంగురు, అయినా పాడాను. నా చేత్తో చూపించలేనిదాన్ని నోటితో చూపించవలసి వచ్చింది. చిత్రం, నోటితో చెబితే వాడికి తొందరగా అందింది. పెడల్ ఎప్పుడు వదలాలో చెప్పడానికి వాడి మోకాలి మీద కొట్టాను. “అబ్బా మేడమ్!” “నోరు మూసుకుని విను. మాట ముగిసిందని గదికి తెలిసేదాకా కాలు ఎత్తకు.”

తర్వాత మొత్తం వాయించమని, నేను లేచి గదికి ఆ చివర ఉన్న సోఫాలో కూచున్నాను. నేను రాసిన ముక్కని దూరంగా కూచుని వినడం ఇదే మొదటిసారి. చెప్పకూడదు గాని, మంచి ముక్క. చాలా మంచి ముక్క.

పాట పైకెక్కింది. ఆ స్వరం దగ్గర వాడు ఆగాడు. రెండు చేతులూ ఆపేసి, శబ్దం వెలిసిపోయేదాకా అలాగే కూచున్నాడు. తర్వాత నాలుగో వేలితో ఆ స్వరాన్ని తాకాడు. నేను కోరుకున్నట్టే తాకాడు.

అయిపోయాక అడిగాను, “అక్కడెందుకు ఆగావు? కాగితం మీద లేదుగా.”

“మీరు ఆగారుగా మేడమ్.”

అవును, అది నా ఆలోచనే అనొచ్చు. ఊరంతా అదే అనుకుంటోంది. నేనూ రెండు వారాలుగా ఇక్కడ అదే రాస్తున్నాను. నోయెమి సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయి ఉంది.

“అక్కడ నా వేలు పడలేదు,” అన్నాను. “ఇక పడదు కూడా. నీకు నేర్పేటప్పుడు తప్పుని తప్పు అనే చెప్పాలి. అది తీసెయ్యి.”

వాడు నా వైపు తిరిగాడు. “నాకు తెలుసు. నేను మీ పక్కనే నిలబడ్డాను, మీ చేతినే చూస్తున్నాను.”

“తెలిసీ ఎందుకు ఆగావు?”

“ఆగకుండా వాయించి చూశాను మేడమ్, చాలాసార్లు. అందంగానే ఉంటుంది. కాని ఆ స్వరం ఊరికే వచ్చేసినట్టుంటుంది. ఆగితేనే అది ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుస్తుంది.” పియానో మెట్ల వైపు చూస్తూ అన్నాడు, “నేను దాన్ని తియ్యను. మీరు మళ్ళీ గుమ్మం తొక్కొద్దన్నా సరే.”

నోయెమి ముక్కు చీదుకుంది, జలుబు చేసిన దానిలా.

నా వేలు చచ్చిపోయిన చోటుని వీడు లండన్ తీసుకెళ్తానంటున్నాడు. దాని పక్కనే నా పేరు కూడా వెళ్తుంది. రేపు అక్కడ ఎవరో గదిలో దగ్గు మింగుతారు.

లేచి వెళ్ళి వాడి భుజాలు మళ్ళీ కిందికి నొక్కాను.

“ఉంచుకుంటే ఉంచుకో. కాని అంతసేపు ఆగకు,” అన్నాను. “నేను అంతకంటే ముందే తేరుకున్నాను.”

నవ్వాడు వెధవ. మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టాడు.